2147483647: ఒక ప్రధాన సంఖ్యను విప్పి చూద్దాం

(పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థులు, లెక్కల మాస్టార్లు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం. బోర్డు మీద వేసిన లెక్కలను మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. గుణుపురం, కాశీనగరం, పాతపట్నం వైపు వెళ్లాల్సినవాళ్లకి బస్సు వేళ ఉంటుంది కనుక నేరుగా బోర్డు దగ్గరికి వచ్చేస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది, లెక్కలు కూడా మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పుకుందాం.

సంఖ్య ఇది: 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది ప్రధాన సంఖ్య, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదు. ఒడియా బళ్లలో మౌళిక సంఖ్య అని చెప్పేది దీన్నే. ఇవాళ తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యకి 4,10,24,320 అంకెలున్నాయి, మనదానికి పదే. అయినా దీన్ని తీసుకోవడానికి కారణం ఉంది. ఇది ప్రధానమని మనమే కాగితం మీద నిరూపించుకోగలం. అంత పెద్దవాటికి వాడే పనిముట్లు కూడా దీని దగ్గరే పట్టుకుని చూడవచ్చు. సంఖ్య ఏ రూపంలో ఉందో గమనిస్తే పని ఎంత తరిగిపోతుందో చూపించడమే ఇవాళ నా ఉద్దేశం.

రూపం సంగతి పక్కన పెడితే ఎంత శ్రమో ముందు లెక్కకడదాం. కారణాంకాలు జంటలుగా వస్తాయి, జంటలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. మన సంఖ్య వర్గమూలం 46340.95. కాబట్టి 46340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 4792. ఒక్కో భాగహారానికి రెండు నిమిషాలు వేసుకుంటే దాదాపు 160 గంటలు. శ్రమ సంగతి సరే, అసలు చిక్కు ఇంకోటి ఉంది. మధ్యలో ఎక్కడో అంకె తప్పితే ఆ తప్పు బయటపడదు. సున్నా రావలసిన చోట 17 వచ్చిందనుకోండి, "భాగం పోలేదు" అని రాసుకుని ముందుకు వెళ్లిపోతాం. చివరికి సంయుక్త సంఖ్యని ప్రధానమని ప్రకటించేస్తాం. కాబట్టి పని తగ్గించుకోవడం బద్ధకం కాదు, తప్పు జరిగే చోట్లని తగ్గించుకోవడం.

ఇప్పుడు సంఖ్యకి ఒకటి కలపండి. 2147483648 వస్తుంది, అంటే 2³¹. మన సంఖ్య 2³¹ − 1. ఇలా 2ను ఏదో ఒక ఘాతానికి హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చేవి మెర్సెన్ సంఖ్యలు, వాటిలో ప్రధానాలను మెర్సెన్ ప్రధానాలు అంటారు. ఘాతం సంయుక్తమైతే మెర్సెన్ సంఖ్య ఎప్పుడూ సంయుక్తమే. ఉదాహరణకి 15. అందులో 3, 5 ఉన్నాయి కనుక 2¹⁵ − 1 = 32767లో 2³ − 1 = 7, 2⁵ − 1 = 31 రెండూ దాగి ఉంటాయి: 7 × 31 × 151. దీన్ని తిరగేసి చెప్పకూడదు. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 మాత్రం 23 × 89. ఘాతం ప్రధానం కావడం అవసరం, అదొక్కటే చాలదు. పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే.

31 ప్రధానం కనుక మొదటి గడప దాటాం. 1772లో ఆయిలర్ బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంఖ్య ప్రధానమని తెలియజేశాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. ఆ వయసులో, ఆ స్థితిలో అన్ని వేల భాగహారాలు అక్కర్లేకుండా చేసిన ఆలోచన ఏమిటో నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ సాయంత్రం మొత్తంలో అందమైన మెట్టు ఇదే.

మన సంఖ్యకి ఒక ప్రధాన కారణాంకం ఉందనుకుందాం, దాన్ని "క" అందాం. 2³¹ − 1ని "క" నిశ్శేషంగా భాగిస్తుంది, అంటే 2³¹ని "క"తో భాగిస్తే శేషం 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2ను క − 1 ఘాతానికి హెచ్చించినా శేషం 1. 2కు ఏ అతి చిన్న ఘాతం దగ్గర మొదటిసారి శేషం 1 వస్తుందో, ఆ ఘాతం ఈ రెండు ఘాతాలనూ భాగించాలి. 31ని భాగించేవి 1, 31 మాత్రమే. 1 కుదరదు, ఎందుకంటే 2¹ శేషం 2. కనుక అది 31. అంటే క − 1లో 31 ఉంది. "క" బేసి కనుక క − 1లో 2 కూడా ఉంది. కాబట్టి 62 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలే పనికొస్తాయి.

ఇంకో జల్లెడ కూడా ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే "క" దృష్టిలో 2 ఒక వర్గసంఖ్య, "క"తో భాగిస్తే శేషం 2 వచ్చే వర్గం ఒకటి ఉందన్నమాట. ఏ బేసి ప్రధానాల దగ్గర 2 వర్గం అవుతుందో మనకి తెలుసు: 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగిలే ప్రధానాల దగ్గరే. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగిలేవే నిలుస్తాయి. 46340 లోపల అలాంటివి, 63ను వదిలేస్తే, 372. వాటిలోనూ ప్రధానాలు సుమారు ఎనభై మాత్రమే. 4792 ఎక్కడ, ఎనభై ఎక్కడ!

ఆ ఎనభైలో మొదటి మూడు 311, 1303, 1489. వీటితో పదంకెల సంఖ్యని పొడుగ్గా భాగించనక్కర్లేదు. 2¹⁶ = 65536 దగ్గర మొదలుపెట్టండి. దాన్ని భాజకంతో భాగించి శేషం తీసుకోండి. ఆ శేషాన్ని వర్గం చేసి మళ్లీ శేషం తీసుకోండి. అది 2³²కి శేషం. అది 2 అయితే కారణాంకం దొరికినట్టు, ఇంకేదైనా అయితే కాదు.

పద్ధతిని ముందు జవాబు తెలిసినదాని మీద పరీక్షిద్దాం. 2047కి 23 కారణాంకం. అక్కడ ఘాతం 11, కనుక 12లో సగం 6, 2⁶ = 64. 23తో భాగిస్తే శేషం 18. 18 వర్గం 324, అందులోంచి 23 × 14 = 322 తీసేస్తే 2. వచ్చింది. పద్ధతి పనిచేస్తోంది.

ఇప్పుడు 311. 65536లోంచి 311 × 210 = 65310 తీసేస్తే 226. దీన్ని 311కి 85 తక్కువ అని, −85గా పెట్టుకుంటే వర్గం తేలిక: 7225. 311 × 23 = 7153 తీసేస్తే 72. రెండు కాదు, కనుక 311 కారణాంకం కాదు. అసలు శేషం కూడా కావాలంటే 72లో సగం 36, ఒకటి తీస్తే 35. పొడుగు భాగహారం చేసి సరిచూసుకోండి: 311 × 6905092 + 35 = 2147483647. రెండు దారుల్లోనూ 35 వచ్చింది కనుక లెక్క మీద నమ్మకం కుదురుతుంది. సగం చేసే చోట బేసి సంఖ్య ఉంటే భాజకాన్ని కలిపి సగం చెయ్యండి.

1489 దగ్గర ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1489 × 44 = 65516, శేషం 20. వర్గం 400. సగం 200, ఒకటి తీస్తే 199. నోటి లెక్క! 1303కి శేషం 226 వస్తుంది, అది మీరు ఇంటికెళ్లి చెయ్యండి.

ఇలా అన్నిటినీ దాటితే 2³¹ − 1 ప్రధానమని తేలిపోతుంది. ఆయిలర్ తర్వాత చాలాకాలం ఇదే తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య. దీన్ని 2³⁰తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 2305843008139952128. తనకన్నా చిన్న భాజకాలన్నీ కలిపితే తనే వస్తుంది. 1811లో పీటర్ బార్లో ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యని ఎవరూ ఎప్పటికీ కనుక్కోరని రాశాడు, ఉపయోగం లేనిదాని కోసం ఎవరు కష్టపడతారని ఆయన ఆలోచన. కానీ 1876లో లూకాస్ 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధానమని చూపించాడు, దాంతో ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్యా దొరికినట్టే.

39 అంకెల సంఖ్యకి ఆయిలర్ జల్లెడ కూడా చాలదు. లూకాస్ దారి వేరు, తర్వాత లేమర్ దాన్ని చక్కదిద్దాడు. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసెయ్యండి. పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు చెయ్యండి. చివరికి సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మధ్యే మార్గం లేదు.

2⁷ − 1 = 127తో చేద్దాం, ఐదు మెట్లు. 4 నుంచి 14. 14 నుంచి 194, 127 తీసేస్తే 67. 67 వర్గం 4489, రెండు తీస్తే 4487. ఇక్కడ భాగహారం అక్కర్లేదు. 128 అంటే 127కి ఒకటి ఎక్కువ కనుక 128కి శేషం 1. 4487లో 128లు 35, పైన 7. రెండూ కలిపితే 42, అదే శేషం. 42 వర్గం 1764, రెండు తీస్తే 1762. అందులో 128లు 13, పైన 98, మొత్తం 111. 111 అంటే −16. వర్గం 256, రెండు తీస్తే 254, అంటే 127 × 2. సున్నా. 127 ప్రధానం.

128లను ఇలా కిందకి మడిచి కలిపే ఉపాయం చాలా విలువైనది. కంప్యూటర్ సంఖ్యలను 2 ఘాతాల్లోనే, అంటే 0, 1 అనే బిట్లుగా దాస్తుంది కనుక మెర్సెన్ సంఖ్యతో శేషం తియ్యడమంటే పై బిట్లను కిందకి దించి కలపడమే. తెలిసిన అతి పెద్ద ప్రధానాలు ఎక్కువగా ఈ రూపంలోనే దొరకడానికి ఒక కారణం ఈ సౌకర్యం, రెండోది ఇంత చిన్న పరీక్ష ఉండటం.

ఇంకో గుర్తు కూడా చెబుతాను, చేత్తో చేసేవాళ్లకి బాగా పనికొస్తుంది. చివర సున్నా రావాలంటే దాని ముందు మెట్టు వర్గం శేషం 2 కావాలి. 127 దగ్గర ఆ మెట్టు −16 వచ్చింది, అంటే −2⁴. 2³¹ − 1కి మొత్తం 29 మెట్లు. 28వ మెట్టులో 65536 గాని దాని రుణం గాని రావాలి. ఇంకోటి వస్తే లెక్కలో ఎక్కడో పొరపాటుందని అక్కడే తెలిసిపోతుంది. 2047తో తొమ్మిది మెట్లు వేస్తే చివర 1736 మిగులుతుంది, సున్నా కాదు. కానీ 23 అనో 89 అనో ఆ 1736 చెప్పదు. సంయుక్తమని తెలియడం వేరు, కారణాంకాలు దొరకడం వేరు. 2⁶⁷ − 1 సంయుక్తమని లూకాస్ 1876లోనే తేల్చాడు, కారణాంకాలను మాత్రం 1903లో ఫ్రాంక్ కోల్ చూపించాడు: 193707721 × 761838257287.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి. ఫెర్మా పరీక్ష (ఒక ఆధారాన్ని సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి శేషం 1 వస్తుందా అని చూడటం) చదివినవాళ్లు ఉత్సాహంగా 2ను ఆధారంగా తీసుకుని మెర్సెన్ సంఖ్యలను పరీక్షిస్తారు. ఘాతం ప్రధానమైతే చాలు, 2తో అన్నీ నెగ్గేస్తాయి, సంయుక్తమైన 2047 కూడా. 2¹¹ శేషం 1. 2046 = 11 × 186. కనుక 2²⁰⁴⁶ శేషం కూడా 1. పరీక్ష ఏమీ చెప్పనట్టే. అందుకే ఈ పనిలో 3ను ఆధారంగా తీసుకుంటారు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన, మెర్సెన్ ప్రధానాలను వెతికే గింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ఇప్పుడు అలాగే చేస్తుంది. ముందు 3 ఆధారంగా ఫెర్మా తరహా పరీక్ష, నెగ్గినదానికి లూకాస్-లేమర్ పరీక్షతో రూఢి. 2024 అక్టోబర్‌లో ల్యూక్ డ్యురాంట్ కనుక్కున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అలా బయటికి వచ్చినదే.

కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలకి ఇప్పుడు. సీ భాషలో ఈ సంఖ్య మామూలు ఇంట్‌లో (పూర్ణసంఖ్యని దాచే 32 బిట్ల చోటులో) పట్టే అతి పెద్ద విలువ. ప్రధానమో కాదో చూడటానికి అందరూ రాసే లూప్‌లో "ఐ × ఐ ≤ ఎన్" అని షరతు పెడతారు (ఎన్ పరీక్షించే సంఖ్య, ఐ ఒక్కొక్కటిగా పెరిగే భాజకం). ఎన్ 2147483647 అయితే ఏమవుతుందో చూడండి. ఐ 46340 అయినప్పుడు వర్గం 2147395600, బాగానే ఉంది. 46341 దగ్గర వర్గం 2147488281, ఇంట్‌లో పట్టదు. సాధారణంగా అది రుణసంఖ్యగా చుట్టుకుని వస్తుంది, షరతు ఇంకా నిజమే. ఇంట్‌లో పట్టే ఏ సంఖ్యా ఎన్‌ని మించదు కనుక ఆ షరతు ఎన్నడూ అబద్ధం కాదు. లూప్ అలా పరుగెత్తి చివరికి ఐ కూడా 2147483647 అవుతుంది, తనతో తను భాగం పోతుంది, "ప్రధానం కాదు" అని తెర మీద పడుతుంది! భాష నియమాల ప్రకారం ఇలా పట్టకుండా పొంగితే ఏమి జరుగుతుందో హామీ లేదు కనుక వేరే కంపైలర్‌లో వేరేలా జరగవచ్చు. మందు చిన్నదే: షరతును "ఐ ≤ ఎన్ ÷ ఐ" అని రాయండి.

లూకాస్-లేమర్ మెట్లకి పదంకెల సంఖ్యల వర్గాలు కావాలి, అవి 19 అంకెల దాకా వెళ్తాయి. ఎక్సెల్ 15 అంకెల దాకానే నిక్కచ్చిగా ఉంచుకుంటుంది, తర్వాతివి సున్నాలు చేసేస్తుంది. జవాబు తప్పని మీకు చెప్పదు. సీలో 64 బిట్ల లాంగ్ లాంగ్ వాడండి, పైథాన్ అయితే ఆ బెంగే లేదు.

ఈ సంఖ్య ప్రధానం కావడం వల్ల ఉపయోగం ఏమిటంటారా? యాదృచ్ఛిక సంఖ్యల తయారీ చూడండి. 1 నుంచి మొదలుపెట్టి ప్రతిసారీ ఒక స్థిర సంఖ్యతో గుణించి 2147483647తో శేషం తీసుకుంటూ పోవాలి. గుణకం 2 అయితే 31 అడుగుల్లో మళ్లీ 1 దగ్గరికి వచ్చేస్తాం, ఎందుకో ఇందాకే చూశాం. గుణకం 7 అయితే 214 కోట్ల పైచిలుకు శేషాలన్నీ ఒక్కొక్కసారి తగిలాకే మొదటికి వస్తాం. 7ను ఇక్కడ ఆదిమ మూలం అంటారు. అది నిర్ధారించడానికి అన్ని కోట్ల అడుగులు వెయ్యనక్కర్లేదు. 2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఇందులోని ఏడు ప్రధానాల్లో ఒక్కోదానితో 2147483646ని భాగించి, వచ్చిన భాగఫలాన్ని 7కు ఘాతంగా పెడితే శేషం 1 రాలేదని చూస్తే సరిపోతుంది. ఏడు పరీక్షలు, అంతే.

వాడుకలో 7కు బదులు 7⁵ = 16807 తీసుకున్నారు. పై కారణాంకాల్లో 5 లేదు కనుక ఇది కూడా ఆదిమ మూలమే. గుణిస్తే 32 బిట్లలో పొంగిపోతుందన్న చిక్కుకి ష్రాగే అనే ఆయన చెప్పిన ఉపాయం ఉంది: 2147483647 = 16807 × 127773 + 2836. సంఖ్యని 127773తో భాగించి, శేషాన్ని 16807తో గుణించి, భాగఫలాన్ని 2836తో గుణించి తీసెయ్యండి. రుణం వస్తే 2147483647 కలపండి. సరిగ్గా రాశారో లేదో తెలుసుకోవడానికి 1తో మొదలుపెట్టి పదివేల అడుగులు వెయ్యండి, 1043618065 రావాలి. తాళాలకి, పాస్‌వర్డ్‌లకి మాత్రం దీన్ని వాడకండి. ఒక్క విలువ తెలిస్తే తర్వాతివన్నీ ఎవరైనా లెక్కకట్టగలరు.

2038 జనవరి 19న మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి కంప్యూటర్లలో సెకన్లను లెక్కపెట్టే పాత 32 బిట్ల కాలగణన ఈ సంఖ్యని చేరి, ఆ పైన లెక్కపెట్టలేకపోతుందని వినే ఉంటారు. అది నిజం. కానీ దానికీ ప్రధానత్వానికీ సంబంధం లేదు, బిట్లు అయిపోవడమే కారణం. రెంటినీ కలిపి చెప్పేవాళ్లున్నారు, విడదీసి అర్థం చేసుకోండి.

(ఒక మాస్టారి ప్రశ్న: తరగతిలో పిల్లలచేత నిరూపణ మొత్తం చేయించడం వీలవుతుందా?)

అవుతుందండీ. 248ను 1 నుంచి 186 దాకా గుణించి ఒక వరసలో 1, ఇంకో వరసలో 63 కలిపి రాయించండి. రెండో వరసలో సున్నా కూడా చేర్చుకోవచ్చు, అది 63, ఎలాగూ కొట్టివేతలో పోతుంది. మొదటి వరసలో 1, 4, 7 స్థానాలు 3తో పోతాయి: 249, 993. 3, 8, 13 స్థానాలు 5తో పోతాయి: 745. 2, 9, 16 స్థానాలు 7తో: 497. రెండో వరసలో మూడో ఎక్కం స్థానాలు 3తో, ఏడో ఎక్కం స్థానాలు 7తో పోతాయి. కొట్టివేతలో ఒక సంయుక్త సంఖ్య మిగిలిపోయినా ప్రమాదం లేదు, ఒక భాగహారం వృథా, అంతే. ప్రధానాన్ని పొరపాటున కొట్టేస్తేనే నిరూపణ చెడుతుంది. ఒక్కో భాజకాన్ని ఇద్దరికివ్వండి. ఒకరు 65536 దారిలో, ఒకరు పొడుగు భాగహారంతో చెయ్యాలి. శేషాలు కలవకపోతే ఇద్దరూ మళ్లీ మొదట్నుంచి.

(ఒక విద్యార్థిని ప్రశ్న: 2147483647 ప్రధానం కదా, దాన్నే ఘాతంగా పెడితే వచ్చేది కూడా ప్రధానమేనా?)

మంచి ప్రశ్న తల్లీ. 3, 7, 127ను ఘాతంగా పెడితే ప్రధానాలే వస్తాయి కనుక ఎవరికైనా ఆశ పుడుతుంది. 2147483647ను ఘాతంగా పెడితే వచ్చేది 64 కోట్లకు పైగా అంకెల సంఖ్య, అది సంయుక్తం. దాని కారణాంకం ఒకటి రాసుకో: 295257526626031. ఆయిలర్ మొదటి జల్లెడ దీనికీ వర్తిస్తుంది. ఒకటి తీసేస్తే 2 × 68745 × 2147483647, గుణించి చూసుకో. 8తో భాగిస్తే 7 మిగులుతుంది, రెండో జల్లెడా సరిపోయింది. ఇక అసలు పరీక్ష: 2ను ఈ కారణాంకం శేషాలతో వరసగా 31 సార్లు వర్గం చేస్తూ పోతే మళ్లీ 2 రావాలి. ఆ 64 కోట్ల అంకెల్లో ఒక్కటి కూడా రాయనక్కర్లేదు. మధ్యలో వర్గాలు 29 అంకెల దాకా వస్తాయి కనుక ఫోన్ క్యాలిక్యులేటర్‌తో వద్దు, పైథాన్‌లో చెయ్యి. పౌ (pow) అనే ఆదేశానికి మూడు సంఖ్యలివ్వాలి: 2, తర్వాత 2147483647, చివర ఆ కారణాంకం. 1 అని చూపిస్తుంది.